మెరైన్ మ్యూజియం, సముద్రపు స్కైవాక్ ఒకేరోజు: కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మ్యూజియం, స్కైవాక్ (ఎత్తున కట్టిన నడకదారి, చాలాచోట్ల నేల గాజుది) పక్కపక్కనే ఉన్న తీరాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. దక్షిణ కొరియాలోని సొచన్‌లో సముద్ర జీవుల మ్యూజియానికి దగ్గర్లోనే, పైన్ చెట్ల తోపు మీదుగా 15 మీటర్ల ఎత్తున సముద్రం వైపు సాగే జాంగ్‌హాంగ్ స్కైవాక్ ఉంది. మొనాకోలో అయితే మ్యూజియమే కొండ అంచున, సముద్రానికి 85 మీటర్ల పైన కూర్చుని ఉంటుంది. ఇలాంటి చోట రెండూ చూడ్డానికి ఒక్కరోజు చాలు. కాకపోతే చాలామంది మ్యూజియం వేళల్ని బట్టి రోజంతా ప్లాన్ చేసుకుంటారు. గాలిని బట్టి చేసుకోవాలి. కింది జవాబుల్లో సగం ఆ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

ముందు మ్యూజియమా, స్కైవాకా?

స్కైవాక్. అదీ పొద్దున్నే, తెరిచిన వెంటనే.

పగటిపూట నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. ఎండ కాసే రోజుల్లో ఈ సముద్రపు గాలి సాధారణంగా పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. స్కైవాక్ ఉండేది సరిగ్గా ఆ గాలికి ఎదురుగా, ఎత్తు మీద. నేల మీద హాయిగా అనిపించే గాలి అక్కడ టోపీ ఎగరగొడుతుంది. పొద్దున గాలి తక్కువ, క్యూ తక్కువ, కాళ్ల కింద గాజు కూడా ఇంకా కాలి ఉండదు.

మ్యూజియానికి ఈ గొడవేమీ లేదు. దానికి పైకప్పు ఉంది. ఎండ ముదిరాక, గాలి పెరిగాక, వాన పడ్డా సరే, ఎప్పుడైనా లోపలికి వెళ్లొచ్చు. ఎప్పుడైనా చూడగలిగేదాన్ని ముందు చూసి, పొద్దున మాత్రమే బాగుండేదాన్ని చివరికి నెట్టుకోవడం దేనికి?

సముద్రం తూర్పున ఉంటే పొద్దున ఎండ కళ్లల్లో కొడుతుంది కదా అని అడుగుతారు. కొడుతుంది. కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుంది. గాలికి మాత్రం అలాంటి ఉపాయం లేదు. పడమటి తీరమైతే సాయంత్రం సూర్యాస్తమయం చూడాలనే ఆశ ఉంటుంది. గాలి తగ్గిందని రూఢి చేసుకున్నాకే ఆ సాహసం చేయండి.

మొత్తం ఎంతసేపు పడుతుంది?

స్కైవాక్ మీద నడక ముప్పావు గంట కన్నా ఎక్కువ పట్టదు, సమయమంతా తినేసేది క్యూనే. చైనాలోని ఝాంగ్‌జియాజియే గాజు వంతెన 2016లో తెరిచిన రెండు వారాల్లోపే మూసేయాల్సి వచ్చింది. కట్టడంలో లోపం వల్ల కాదు, జనం తాకిడి తట్టుకోలేక. టైమ్ స్లాట్ టికెట్లు ఉంటే ముందే బుక్ చేసుకోండి.

మ్యూజియానికి పిల్లలతో రెండు గంటలు చాలు. అంతకు మించితే పిల్లలకే కాదు, పెద్దలకీ ఏదీ బుర్రకెక్కదు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1916లోనే బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ అనే ఆయన, అద్దాల పెట్టెల ముందు మనిషి ఎలా వంగుతాడో, ఎలా మెడ సాచుతాడో ఫొటోలు తీయించి మరీ ‘మ్యూజియం అలసట’ గురించి రాశాడు. అప్పటికీ ఇప్పటికీ మెడలు అవే.

మెరైన్ మ్యూజియం అంటే అక్వేరియమేనా?

కాకపోవచ్చు. టికెట్ కొనేముందే తెలుసుకోండి, లేదంటే ‘చేపలేవీ?’ అని పిల్లలు ప్రాణం తీస్తారు.

కొన్ని మ్యూజియాలు సముద్ర జీవులవి. తిమింగలం అస్థిపంజరాలు, గవ్వలు, సీసాల్లో భద్రపరిచిన చేపలు ఉంటాయి. బతికి ఉన్న చేపల తొట్లు ఉంటే ఉంటాయి, లేకుంటే లేదు. కొన్ని ఓడలవి. స్టాక్‌హోమ్‌లో వాసా ఉంది, పోర్ట్స్‌మత్‌లో మేరీ రోజ్ ఉంది. మొదటిది 1628లో, రెండోది 1545లో మునిగిపోయాయి, శతాబ్దాల తర్వాత పైకి తీశారు. ఇంకొన్ని చోట్ల జలాంతర్గామే మ్యూజియం. విశాఖపట్నంలో కురుసుర, అమెరికాలోని గ్రోటన్‌లో నాటిలస్ అలాంటివి. జలాంతర్గామి అయితే గుండ్రటి తలుపుల్లోంచి కాలెత్తి, తల వంచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకు గదులంటే ఊపిరాడనట్టు ఉండేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

మ్యూజియంలో టైమ్ తక్కువ ఉంది. తప్పకుండా చూడాల్సింది ఏది?

సముద్ర జీవుల మ్యూజియం అయితే తిమింగలం అస్థిపంజరం దగ్గరే అరగంట ఉండండి. మిగతావి చూడకపోయినా ఫర్వాలేదు.

చాలామంది ‘అబ్బో ఎంత పెద్దదో’ అనేసి, ఫొటో తీసుకుని కదిలిపోతారు. పెద్దదే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో వేలాడుతున్న నీలి తిమింగలం 25.2 మీటర్ల పొడవు. 1891లో ఐర్లండ్ తీరంలో ఇసుక మేట మీద చిక్కుకుపోయిన జీవి అది. కానీ సైజు పక్కనపెట్టి ముందు దాని రెక్క చూడండి. బయటికి తెడ్డులా కనిపించే ఆ భాగంలో భుజం ఎముక, మోచేయి, మణికట్టు, వరుసగా వేళ్ల ఎముకలు కనిపిస్తాయి. పిల్లల్ని వాళ్ల చెయ్యి పక్కన పెట్టుకుని పోల్చి చూడమనండి. తర్వాత వెన్నెముక వెంట తోక వైపు వెళ్తే, ఒకచోట దేనికీ అతుక్కోకుండా రెండు చిన్న ఎముకలు విడిగా వేలాడుతుంటాయి. అవి నడుము ఎముకలు. నేల మీద నాలుగు కాళ్లతో నడిచిన పూర్వీకుల గుర్తు అవి. ఈ రెండూ చూశాక తిమింగలం చేప కాదని ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎముకల కింద నేల మీద, లేదా ఎముక చివర్న, గోధుమరంగు జిడ్డు మరకలు కనబడితే శుభ్రం చేయలేదని అనుకోకండి. తిమింగలం ఎముకల నిండా నూనె ఉంటుంది, అది ఏళ్ల తరబడి కారుతూనే ఉంటుంది. అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ మ్యూజియంలో ఒక నీలి తిమింగలం అస్థిపంజరం ఉంది. 1998లో ఓడ తగిలి చనిపోయింది. దశాబ్దాలు గడిచినా దాని ఎముకల్లోంచి నూనె బొట్టు బొట్టుగా కారుతుంటే, గొట్టం అమర్చి గాజు పాత్రలో పడుతున్నారు. దగ్గరికి వెళ్తే కాస్త నీచు వాసన కూడా తగులుతుంది.

ఆ తర్వాత సీసాల గది. అక్కడి చేపలన్నీ పాలిపోయి, ఒకే రంగులో ఉంటాయి. ముందు ఫార్మలిన్‌లో ఉంచి గట్టిపరిచి, ఆపైన ఆల్కహాల్‌లో పెడతారు కాబట్టి అసలు రంగులు పోతాయి. చూడ్డానికి నీరసంగా ఉండే ఈ గదే పరిశోధకులకు ప్రాణం. చేప చెవిలో ఉండే రాయిలాంటి చిన్న ముక్క ఎక్కడైనా ప్రదర్శనకు పెట్టి ఉంటే వదలకండి. చెట్టు మానులో ఉన్నట్టే దానిలోనూ వలయాలుంటాయి. వాటిని లెక్కపెట్టి చేప వయసు చెబుతారు.

ఓడల మ్యూజియం అయితే ఓడ అడుగుభాగం దగ్గరికి దిగి చూసే దారి ఉందేమో అడగండి. పైనుంచి చూస్తే అదొక బొమ్మ. కింద నిలబడితేనే ఓడ.

లోపల అంత చీకటిగా, చల్లగా ఎందుకు ఉంటుంది? కరెంటు పొదుపా?

కాదు. వెలుతురు పడితే కాగితం, బట్ట, ఈకలు, తోలు వెలిసిపోతాయి. ఒకసారి పోయిన రంగు తిరిగి రాదు. అందుకే సున్నితమైన వస్తువుల మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి కాంతి పడకుండా చూసుకోవడం మ్యూజియాల్లో ఆనవాయితీ. మామూలుగా ఆఫీసుల్లో ఉండే వెలుతురుతో పోలిస్తే అది చాలా తక్కువ. ఎండలోంచి వచ్చినవాళ్లు తలుపు దాటగానే కాసేపు ఆగితే కళ్లు సర్దుకుంటాయి.

చల్లదనం, తేమ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. వాసా ఓడను 1961లో బయటికి తీశాక, చెక్క ఎండి పగిలిపోకుండా పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని 17 ఏళ్ల పాటు చల్లారు. ఇంత చేశాక 2000 ప్రాంతంలో, వానలు ఎక్కువ పడిన ఒక వేసవిలో, తడిసిన బట్టలతో వచ్చిన జనం వల్ల హాలులో తేమ పెరిగి, చెక్క మీద ఆమ్ల లవణాలు పొక్కాయి. దాంతో గాలి, తేమ అదుపు చేసే వ్యవస్థనే మార్చేశారు. కాబట్టి తడి గొడుగు బయట పెట్టమని సిబ్బంది అంటే విసుక్కోవద్దు.

చలికి తట్టుకోలేనివాళ్లుంటే పల్చటి స్వెట్టర్ ఒకటి పెట్టుకోండి.

టచ్ పూల్‌లో (సముద్ర జీవులను తాకి చూసే తొట్టిలో) పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వొచ్చా?

పెట్టనివ్వొచ్చు. రెండు వేళ్లతో, పైపైన, నీళ్లలో ఉన్నది ఉన్నట్టుగానే తాకాలి. చేతులు ముందు నీళ్లతో కడుక్కోవాలి. సన్‌స్క్రీన్, శానిటైజర్ రాసుకున్న చేతులు ఆ జీవులకు విషం. బయటికి వచ్చాక సబ్బుతో మళ్లీ కడగాలి.

స్టార్ ఫిష్‌ను గాజుకు అంటుకుని ఉన్న వైపు నుంచి చూపించండి. దాని చేతుల అడుగున వందల కొద్దీ సన్నటి గొట్టాలు ఒక్కొక్కటే సాగుతూ, అంటుకుంటూ, వదులుతూ ఉంటాయి. దాని ఒంట్లో రక్తం లేదు. సముద్రపు నీళ్లనే గొట్టాల్లోకి నెట్టుకుంటూ కదులుతుంది. దాన్ని గాజు నుంచి పీకితే ఆ గొట్టాలు తెగిపోవచ్చు. ఫొటో కోసం నీళ్లలోంచి పైకెత్తడం అసలు వద్దు. పక్కవాళ్ల పిల్లలు ఎత్తుతున్నా సరే, మనం సిబ్బందితో ఒక మాట చెబితే తప్పేం లేదు.

శంఖం చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రం వినిపిస్తుంది అంటారు. నిజమేనా?

వినిపించేది చుట్టూ ఉన్న గదిలోని చప్పుడే. శంఖం లోపలి బోలు భాగం అందులోంచి కొన్ని ధ్వనులను పెంచి వినిపిస్తుంది. చేతిని దొప్పలా చేసి చెవి దగ్గర పెట్టుకున్నా అదే హోరు. పిల్లలకు ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

గాజు నేల నిజంగా సేఫేనా? పగిలితే?

అందరూ అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా.

స్కైవాక్ నేల ఒకే గాజు పలక కాదు. వేడిచేసి వేగంగా చల్లార్చి గట్టిపరిచిన గాజు పలకలు రెండు మూడు, ఇంకా ఎక్కువ కూడా, ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ పొరతో అతికిస్తారు. కారు ముందు అద్దానికి రాయి తగిలితే బీటలు పడినా ఊడి ఒళ్లో పడదు, చూశారు కదా, అతికించే పద్ధతి అక్కడా ఇదే. పై పలక పగిలినా కింది పలకలు బరువు మోయాలన్న లెక్కతోనే డిజైన్ చేస్తారు. ఝాంగ్‌జియాజియే వంతెన తెరవక ముందు సమ్మెటలతో గాజు మీద బాదించి, పగిలిన గాజు మీదుగా మనుషులున్న కారు నడిపించి మరీ చూపించారు. 430 మీటర్ల పొడవు, లోయకు దాదాపు 300 మీటర్ల పైన ఉన్న వంతెన అది.

అలాగని బీటలు పడవని కాదు. 2015 అక్టోబరులో చైనాలోని యున్‌తాయ్ కొండ మీది గాజు దారిలో ఒక పలక పై పొర బీటలు వారి, జనం అరుస్తూ పరుగులు తీశారు. నేల మాత్రం నిలిచే ఉంది. అక్కడ అసలు ప్రమాదం గాజు కన్నా తొక్కిసలాటే. మీ కాళ్ల కింద గీత కనబడితే పరుగెత్తకండి. పక్క పలక మీదికి జరిగి, సిబ్బందికి చెప్పండి.

చెప్పుల పైన వేసుకోమని ఇచ్చే గుడ్డ తొడుగులు కూడా ఇందుకే. చెప్పుకు అంటుకున్న ఇసుక రేణువు గాజును గీస్తుంది. తీరంలో ఇసుకకు కొదవేముంది! తొడుగులు జారతాయి, పిల్లల చెయ్యి పట్టుకోండి.

గాజు కన్నా నేను ఎక్కువగా చూసేది ఇనుము. ఉప్పు గాలికి మామూలు స్టీలు తుప్పు పడుతుంది. అందుకే తీరాల్లో మాలిబ్డినం అనే లోహం కలిపిన స్టెయిన్‌లెస్ రకం వాడతారు. రెయిలింగ్ మీద టీ చుక్కల్లా గోధుమరంగు మచ్చలు కనిపిస్తే అవి సాధారణంగా పైపై మరకలే. బోల్టుల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటే, రెయిలింగ్ పట్టుకుంటే కదులుతుంటే, అక్కడ ఆగకండి. నిర్వహణ ఎలా ఉందో చెప్పడానికి గాజు మెరుపు కన్నా బోల్టులే మంచి సాక్షులు.

నడుస్తుంటే ఊగినట్టుంది. భయపడాలా?

కాస్త కదలడం మామూలే. బిగుసుకుపోయి ఉండే కట్టడం కన్నా కొద్దిగా సాగే కట్టడమే గాలినీ, బరువునూ తట్టుకుంటుంది. కాకపోతే జనమంతా ఒకే తాళంలో అడుగులు వేస్తే ఊపు పెరుగుతుంది. లండన్ మిలీనియం వంతెన 2000 జూన్‌లో తెరిచిన రెండు రోజులకే ఇలా పక్కలకు ఊగి మూతపడింది. ఊపును మింగేసే డ్యాంపర్లు అమర్చి 2002లో మళ్లీ తెరిచారు. అప్పటినుంచి పాదచారుల వంతెనల డిజైన్‌లో ఈ లెక్క తప్పనిసరి అయింది. మీ పిల్లలు గంతులేస్తే వంతెనకేమీ కాదు, పక్కనున్నవాళ్ల గుండె ఆగుతుంది. వద్దని చెప్పండి.

ఆకాశం నిర్మలంగా ఉన్నా స్కైవాక్ మూసేస్తారట, ఎందుకు?

గాలి వల్ల. ఒక్కో చోట ఒక్కో హద్దు ఉంటుంది, బోర్డు మీద రాసి ఉంటే చూడండి. గాలి జోరును చెప్పే బోఫోర్ట్ కొలతలో 6వ స్థాయి, అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్ల గాలి వీస్తే గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది. కింద గొడుగులు తిరగబడుతుంటే పైన ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మూసేసినప్పుడు గేటు దగ్గర గొడవపడేవాళ్లకు 2021 మే నెలలో చైనాలోని లొంగ్‌జింగ్‌లో జరిగింది చెప్పాలి. గంటకు 150 కిలోమీటర్ల గాలికి అక్కడి గాజు వంతెన పలకలు ఊడి ఎగిరిపోయాయి. 100 మీటర్ల ఎత్తున ఒక మనిషి రెయిలింగ్ పట్టుకుని ఒంటరిగా చిక్కుకుపోయాడు. చివరికి క్షేమంగా బయటపడ్డాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఉరుము వినిపిస్తే గేటు మూయకపోయినా దిగిపోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు.

నాకు ఎత్తంటే భయం. వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ఆ భయానికి కారణం తెలిస్తే సగం తగ్గుతుంది. కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా మన ఒళ్లు సన్నగా ఊగుతూనే ఉంటుంది. దగ్గర్లో గోడో, చెట్టో ఉంటే కన్ను దాన్ని ఆనవాలుగా పట్టుకుని ఆ ఊపును సరిచేస్తుంది. ఎత్తు మీద, అందులోనూ గాజు నేల మీద, దగ్గర్లో ఆనవాలేదీ ఉండదు. కింద అలలు కూడా కదులుతుంటాయి. దాంతో తూలిపోతున్నామనిపిస్తుంది. అది పిరికితనం కాదు, కంటికి పట్టు దొరకకపోవడం.

కాబట్టి కంటికి ఒక పట్టు ఇవ్వండి. రెయిలింగ్ మీద చెయ్యి వేసి, ఆ చేతినే కాసేపు చూడండి. తర్వాత చూపు దిగంతం మీదికి పోనివ్వండి. కాళ్ల కిందికి చూడ్డం చివర్న. గాజు పలకల మధ్య స్టీలు దూలాలు ఉంటాయి, వాటి వెంట నడిస్తే తేలిక. నడుస్తూ ఫోన్ స్క్రీన్ చూడటం, తలెత్తి పక్షుల్ని చూడటం వద్దు, తూలు ఎక్కువవుతుంది. సగం దూరం వెళ్లి వెనక్కి వచ్చేసినా నామోషీ ఏం లేదు. కుటుంబంలో ఎవరినీ ‘ఇంత దూరం వచ్చి ఎక్కవా’ అని నెట్టకండి. నవ్వులాటకు వెనకనుంచి తోసేవాళ్లుంటారు. వాళ్లను కింద బ్యాగుల కాపలాకి పెట్టడం మేలు.

చిన్నపిల్లలు భయపడతారా?

మీ ముఖాన్ని బట్టి ఉంటుంది.

1960లో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే శాస్త్రవేత్తలు పాకే వయసు పిల్లలను ఒక బల్ల మీద కూర్చోబెట్టి, ఒకవైపు గాజు కింద లోతు కనబడేలా చేశారు. తల్లి అవతలి నుంచి పిలిచినా ఎక్కువమంది ఆ లోతు వైపు పాకలేదు. గాజు గట్టిగానే ఉందని చేత్తో తట్టి చూసుకున్న పిల్లలు కూడా రాలేదు. అంటే ఎత్తు తెలియని వయసు కాదది. 1985లో ఇదే ప్రయోగాన్ని లోతు తగ్గించి చేశారు. తల్లి నవ్వుతూ చూస్తే 19 మందిలో 14 మంది గాజు దాటి వచ్చారు. తల్లి భయంగా ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ రాలేదు.

స్కైవాక్ మీద జరిగేదీ ఇదే. నాన్న బిగుసుకుపోయి ‘ఏం కాదు, ఏం కాదు’ అంటుంటే పిల్లాడు మాట వినడు, ముఖం చూస్తాడు. ఇద్దరిలో ఎవరికి టెన్షన్ తక్కువో వాళ్లే పిల్లల చెయ్యి పట్టుకోవాలి. ఏడ్చే పిల్లను ఎత్తుకుని బలవంతంగా తీసుకెళ్తే ఆ రోజుకే కాదు, ఏళ్ల తరబడి ఎత్తంటే హడలిపోవచ్చు.

మరీ భయం లేని పిల్లలతో ఉండే ఇబ్బంది వేరు. రెయిలింగ్ అడ్డు కమ్మీల మీద కాలు పెట్టి ఎక్కుతారు. వాళ్లను సముద్రం వైపు కాకుండా లోపలి వైపు నడిపించండి.

తాతయ్యలు, అమ్మమ్మలు, గర్భిణులు, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లు?

స్కైవాక్ కన్నా అక్కడిదాకా చేరే దారి గురించి అడగండి. పైన చదునుగానే ఉంటుంది, ఎక్కడానికి వంద మెట్లుండొచ్చు. లిఫ్ట్ ఉందా, ఇవాళ పనిచేస్తోందా అని ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. గుండె జబ్బు, కళ్లు తిరిగే సమస్య, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరుతో ఒక మాట మాట్లాడాకే ఎక్కాలి. గర్భిణులకు ఎత్తు వల్ల ఇబ్బంది లేకపోయినా జారే నేల, తోపులాట ఉన్నాయి కాబట్టి రద్దీ లేని వేళ చూసుకోవాలి. నేల గాజు కాకుండా ఇనుప జాలీ అయితే చేతికర్ర మొన, సన్న మడమల చెప్పులు, స్ట్రాలర్ చక్రాలు అందులో ఇరుక్కుంటాయి.

పెద్దవాళ్లకు మ్యూజియంలో మాత్రం ఇబ్బంది ఉండదు. కూర్చునే బెంచీలు ఎక్కడున్నాయో లోపలికి వెళ్లగానే చూసిపెట్టుకోండి.

పైనుంచి ఏం చూడాలి? అంతా నీళ్లే కదా!

ఈ మాట అనేవాళ్లే పది నిమిషాల్లో సెల్ఫీలు ముగించి దిగిపోతారు.

ముందు దిగంతం. ఒడ్డున నిలబడితే మనకు కనిపించే సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దాకానే. 15 మీటర్ల ఎత్తుకు వెళ్తే సుమారు 14 కిలోమీటర్లు, 35 మీటర్ల ఎత్తుకు 21. దక్షిణ కొరియా బుసాన్‌లోని ఒర్యుక్‌దో స్కైవాక్ ఇలాంటి 35 మీటర్ల కొండ అంచు మీదే ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.57తో హెచ్చిస్తే కిలోమీటర్లు వస్తాయి. హైస్కూలు పిల్లలుంటే వాళ్లకే లెక్క అప్పజెప్పండి. దూరంగా వెళ్తున్న ఓడ కనిపిస్తే అడుగుభాగం ముందు మాయమై, పైభాగం తర్వాత మాయమవడం బైనాక్యులర్స్‌లో చూడొచ్చు. అందుకు 7 లేదా 8 రెట్లు చూపించేవి చాలు. అంతకన్నా ఎక్కువైతే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది.

తర్వాత నీటి రంగులు. ఎర్రటి వెలుగును నీళ్లు తొందరగా పీల్చేస్తాయి, అందుకే లోతున నీలం మిగులుతుంది. పచ్చగా ఉన్నచోట కంటికి కనిపించని నాచు జీవులు ఎక్కువ. మట్టి రంగు పట్టీ కనిపిస్తే దగ్గర్లో ఏదో నది కలుస్తోందని లెక్క.

అన్నిటికన్నా పనికొచ్చేది ఒకటుంది. అలలు తెల్లగా విరుగుతున్న వరుస మధ్యలో, ఒకచోట మాత్రం నురగ లేకుండా, నల్లగా, ప్రశాంతంగా కనిపించే సందు వెతకండి. ఒడ్డున నిలబడినవాళ్లకు ఈతకు అదే మంచి చోటులా కనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు అది ఒడ్డుకు వచ్చిన నీళ్లు తిరిగి లోపలికి లాగేసే ప్రవాహం. సముద్ర స్నానాల్లో మనుషుల్ని ముంచేది ఎక్కువగా ఇదే. కింద నుంచి గుర్తుపట్టడం కష్టం, పైనుంచి తేలిక. దానిలో చిక్కుకుంటే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలని అక్కడే, దాన్ని చూపిస్తూనే పిల్లలకు చెప్పండి. తరగతి గదిలో వంద సార్లు చెప్పినా రాని ఎరుక కళ్లతో చూస్తే వస్తుంది.

రాళ్ల మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్న నల్లటి పక్షులు కనిపిస్తే అవి నీటికాకులు. వాటి ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి. మునిగి వేటాడటానికి అది లాభం, ఎగరడానికి నష్టం.

ఆటుపోట్లు చూసుకుని వెళ్లాలా?

చూసుకుంటే మంచిది. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ ఆటుకూ తేడా ఎక్కువ. పోటు మీద ఉంటే అలలు స్కైవాక్ స్తంభాలకు కొట్టుకోవడం చూడొచ్చు. ఆటు మీద ఉంటే రాళ్లు, ఇసుక దిబ్బలు, బురదలో పీతల బొరియలు బయటపడతాయి. పిల్లలకు ఆటు సమయమే నచ్చుతుంది.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి?

వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో. గాలికి ఎగిరే వదులు బట్టలు వద్దు. గాజు నేల కింద మనుషులు తిరిగే దారి ఉండొచ్చని కూడా గుర్తుంచుకోండి. మెడకు కట్టుకునే తాడున్న టోపీ, నీళ్లు, సన్‌స్క్రీన్. చల్లగాలిలో ఎండ తెలియదు కానీ ఒళ్లు మాడుతుంది. సముద్రపు నురగ పడిన అతినీలలోహిత కిరణాల్లో నాలుగోవంతు దాకా వెనక్కి కొడుతుంది, కాబట్టి గడ్డం కింద కూడా రాసుకోండి. గొడుగు పైకి తీసుకెళ్లొద్దు.

ఫొటోలకు చిట్కాలేమైనా?

ఫోన్‌కు మెడతాడు కట్టండి. అది పడితే పోయేది ఫోన్ ఒక్కటే కాదు, కింద ఎవరి తల మీదైనా పడొచ్చు. మ్యూజియంలో ఫ్లాష్ వద్దు. గాజు తొట్టికి లెన్స్ ఆనించి తీస్తే మెరుపులు పడవు. కెమెరాకు ఉప్పు తుంపర తగిలి ఉంటే ఇంటికొచ్చాక కాస్త తడి గుడ్డతో తుడిచి, ఆపైన పొడి గుడ్డతో తుడవండి. ముందే పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పడతాయి.

డ్రోన్?

అనుమతి రాతపూర్వకంగా ఉంటే తప్ప వద్దు. గాలి, పక్షులు, కింద జనం, మూడూ దానికి శత్రువులే.

తీరా వెళ్లాక స్కైవాక్ మూసి ఉంటే?

ముందు గాలి వల్లా, మరమ్మతుల వల్లా అని అడగండి. మరమ్మతులైతే ఆ రోజుకు ఆశ వదులుకోవాల్సిందే. గాలి అయితే సాయంత్రం ఎండ తగ్గాక సముద్రపు గాలి మెత్తబడే అవకాశం ఉంది. అప్పటిదాకా మ్యూజియం చూసి, చివరి టికెట్ ఎన్నింటికి ఇస్తారో కనుక్కుని తిరిగి రండి. రెండూ కలిపిన టికెట్ కొని ఉంటే స్కైవాక్ భాగాన్ని ఇంకో రోజుకు మారుస్తారేమో, డబ్బు వాపసు ఇస్తారేమో కౌంటర్ దగ్గరే తేల్చుకోండి. ఇంటికొచ్చాక ఈమెయిల్ పెడితే జవాబు రావడం కష్టం. సాయంత్రానికీ తెరవకపోతే దగ్గర్లో లైట్‌హౌస్ గానీ, కొండ అంచున కంచె వేసిన నడకదారి గానీ ఉందేమో చూడండి. నల్లటి సందు, రంగు పట్టీలు, దూరాన మాయమయ్యే ఓడలు అక్కడి నుంచి కూడా కనిపిస్తాయి. కంచె మాత్రం దాటొద్దు. మూసిన స్కైవాక్ కన్నా గాలి వీచే కొండ అంచు ప్రమాదం.